కందులు విసిరిన పూట

తాండూరు కందుల వ్యాపారి వీరేశం దుకాణానికి బయలుదేరాడు. చేతిలో తాళంచెవులు, నెత్తిమీద కందుల సీజను. గడప దాటుతుంటే భార్య వేయించిన కందులు గుప్పెడు తీసి అతని వీపున విసిరింది.

"గిదేం పనే?"

"చలి పోయేటప్పుడు జపానోళ్లు గిట్లనే గింజలు విసిరి దయ్యాన్ని ఎల్లగొడ్తరట. వారపత్రికల చదివిన."

"నేను దయ్యమా?"

"ఇంటాయనే దయ్యం వేషం కట్టాలెనట."

"అమ్ముకునే సరుకు నేలపాలు చేస్తివి."

"జపానోళ్లు పెండ్లాలకు పూలు చూపెట్టనీకి గూడ తోల్కపోతరట. మీరేమో అనంతగిరి మోదుగుపూలు చూపెడ్తనని ఏండ్ల సంది చెప్తున్నరు."

"సీజన్ల దుకాణం మూసుకోమంటవా?"

"మల్ల విసరాల్నా?"

మధ్యాహ్నానికి ఇద్దరూ అనంతగిరికని వికారాబాద్ రైల్లో ఉన్నారు. ఆ రోజు వీరేశానికి పోయింది ఒకపూట బేరం. దక్కింది, ఎర్రగా పూసిన చెట్ల కింద సాయంత్రందాకా ఒక్కసారీ దెప్పని పెండ్లాం.