ముప్పై అడుగుల ర్యాంపు

అందరూ వచ్చారు. రానివాళ్ళెవరా అని వెతికాను, ఒక్కరూ దొరకలేదు. చూశావా బావా? నేను పోతే ఇందులో సగం మంది రారు. ఆ సగంలో మా ఆవిడ కూడా ఉంటుందేమో.

అమ్మా, అయ్యా, పోయినవాడు మీకు ఇంజనీరు గారు. నాకు చెల్లెలి మొగుడు. ఈ హాలు గీసింది ఆయన. కట్టింది నేను, తాపీమేస్త్రిని. ఇరవై ఆరేళ్ళుగా మీరంతా ఆయన హాలు, ఆయన హాలు అంటుంటే నా కడుపు మండుతూనే ఉంది. ఇవాళ కూడా మండుతోంది. చెల్లెమ్మా, కోప్పడకు. నేను ఏడిస్తే నువ్వే నమ్మవు.

ఒకసారి పైకి చూడండి. ఫ్యాను తిరుగుతోందా? లేదు. చెమట పడుతోందా? లేదు. గోడ పైన ఆ కంతలున్నాయే, వేడిగాలి వాటిలోంచి పోతుంది. పిచ్చుకల కోసమా అని ఎగతాళి చేశాను. కూలిన గోదాము ఇటుకలు తెచ్చి ఒక్కొక్కటీ గీకిస్తే, పిసినారివన్నాను. "పాతదని పారేస్తామా బావా, నిన్ను పారేశామా" అన్నాడు. నోరు కూడా నాకన్నా పెద్దదే.

కాగితం మీద గీసి ఊరుకునేవాడా? ఖాళీ స్థలంలో సున్నంతో గదులన్నీ అసలు కొలతకి గీసి, అందరినీ పిలిచి నడిపించాడు. ఊతకర్రల టైలరు నడిచాడు. కళ్ళు కనపడని సంగీతం టీచరు నడిచి, పాటల గది వీధివైపు వద్దంది. చెరిపి మళ్ళీ గీశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అబద్ధం. అడిగాడు. నేనే మొహం తిప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. గుమ్మం ఎత్తు రెండున్నర అడుగులు. ర్యాంపు ముప్పై అడుగులుండాలన్నాడు. ఆయన వారం రోజులు ఊళ్ళో లేడు. నేను పదిహేనుతో సరిపెట్టి, మిగిలిన జాగాలో ఈ మూల నుంచి ఆ మూలకి మెట్లు కట్టేశాను. ఎందుకు? మీరంతా నా మెట్ల మీద నిలబడి ఫోటో దిగాలని.

వచ్చాడు. తిట్టలేదు. చక్రాల కుర్చీ తెచ్చి, "ఎక్కి చూపించు బావా" అన్నాడు. సగం దూరం ఎక్కి, వెనక్కి జారి, ఇసక కుప్పలో పడ్డాను. కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

కట్టింది ఎందుకు పగలగొడుతున్నారని హాలు కమిటీవాళ్ళు నిలదీస్తే, "నా గీతలో తప్పు" అన్నాడు. ర్యాంపు కొలత తెలియని ఇంజనీరని ఎన్నేళ్ళు ఆటపట్టించారు మీరు? మీతో కలిసి నేనూ నవ్వాను. నా తప్పు కూడా నాకు మిగల్చలేదు, అదీ ఆయనే తీసుకున్నాడు. అలాంటి మనిషిని చూసి కుళ్ళుకోకుండా ఎలా ఉండాలి?

గీత తప్పు కాదు. చెయ్యి తప్పు. ఈ చెయ్యి. పొద్దున అడిగితే తెలిసింది, ఆ సంగతి మా చెల్లెలికి కూడా చెప్పలేదట.

ఇవాళ నా మోకాళ్ళు మొరాయించాయి. ఈ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ ముప్పై అడుగులూ నా చేతులతోనే తోసుకుంటూ వచ్చాను. ఎక్కడా ఆగలేదు. ఎవరినీ పిలవలేదు.

రెండు నిమిషాలు మాటలు ఆపుదాం. కంతల్లోంచి గాలి పోయే చప్పుడు విందాం. లేవగలిగినవాళ్ళు లేవండి. లేవలేనివాళ్ళు నాతో పాటు కూర్చోండి, తప్పేం లేదు.

ఇది ఆయన హాలు.