అర డిగ్రీ కూడా కలపని ఉస్తాద్ హాతిఫ్ గారు

1989 సెప్టెంబరు మూడవ తేదీ ఆదివారం ఉదయం ఆరు గంటలకు, బస్రా దిగువన ఉన్న మన సిద్రియా వాతావరణ పరిశీలనా కేంద్రంలో, ఇరవై నాలుగేళ్ల హాతిఫ్ ముహైసిన్ గారు సహాయ పరిశీలకులుగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఈ కేంద్రానికి మూడు వైపులా ఖర్జూర తోటలూ, నాలుగో వైపు కాలువా ఉండేవట. ఈ జూన్ ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్న వేళకు మూడు వైపులా తారురోడ్లున్నాయి, నాలుగో వైపు కాలువ ఉండిన గుర్తు ఉంది. ముప్పై ఆరేళ్ల పాటు ఈ మార్పుకు దినదినమూ సాక్షిగా నిలిచి, ఒక్క పూట తప్పకుండా అంకెల్లో రాసిపెట్టిన మహనీయుని గురించి ఈ వీడ్కోలు సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

వారు ఉద్యోగంలో చేరిన రెండేళ్లకే కువైట్ చమురు బావులు నెలల తరబడి తగలబడ్డాయి. పొరుగు దేశపు పొగ మన ఆకాశాన్ని కమ్మి, పట్టపగలే దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. ఎండ తగ్గిందని ఊరంతా సంబరపడుతుంటే, ఉస్తాద్ మాత్రం నాటి నమోదు పుస్తకంలో తగ్గిన అంకె పక్కన "ఈ చల్లదనం రుతువుది కాదు, మనుషులు రాజేసిన పొగది" అని రాశారు. ఎర్రసిరాతో రాసిన ఆ వాక్యం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. ఎవరూ అడగకుండానే నిజం రాసే అలవాటు వారికి అంత చిన్న వయసులోనే అబ్బింది.

2009లో నేను చేరినప్పుడు నాకు నేర్పిన మొదటి పాఠం ఉష్ణమాపకం చదవడం కాదు, తప్పు దిద్దడం. "తప్పు రాస్తే చెరపకు చెల్లెమ్మా, సిరా పులమకు. ఒక్క అడ్డగీత కొట్టు. కింద అంకె కనపడాలి. పైన సరైనది రాసి సంతకం పెట్టు. మనం తప్పు చేశామని కూడా తరవాతివాళ్లకి తెలియాలి కదా" అన్నారు. ఇంత చాదస్తమైతే ఈయనతో వేగడమెలాగని ఆ రోజు ఇంటికెళ్లి మా వారి దగ్గర గొణుక్కున్నాను.

ఊరు పెరిగి, ఉష్ణమాపకాలుండే మన తెల్లని చెక్కపెట్టె చుట్టూ తారు పరుచుకుంటున్నప్పుడు, ఎక్కుతున్న వేడిలో ఊరి వాటా ఎంత, లోకం వాటా ఎంత అన్న సందేహం వారిని నిద్రపోనివ్వలేదు. మేనమామ గారి ఖర్జూర తోటలో సొంత ఖర్చుతో రెండో పెట్టె నిలబెట్టి, ఏళ్ల తరబడి వారానికి మూడు సాయంత్రాలు బస్సెక్కి వెళ్లి చదివి వచ్చారు. సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని ఆ తోటలో చెట్లు ఒక్కొక్కటే మోడువారుతున్నా పెట్టెను మాత్రం కదల్చలేదు. ఊళ్లో పెట్టె ఎక్కినంత తోటలోది ఎక్కలేదు, కాని తోటలోదీ ఎక్కింది. వారు చేరిన ఏడాది నలభై ఎనిమిది డిగ్రీలు దాటిన రోజులు నాలుగైతే, నిరుడు ముప్పై ఒకటి. మన చమురు బావుల దగ్గర రాత్రింబగళ్లు మండే గ్యాసు మంటలనూ, లోకమంతా కాల్చే చమురునూ వదిలేసి ఒక్క తారునే తప్పుపట్టడం ఇక కుదరదని ఆ అంకెలు తేల్చిచెప్పాయి.

మన ప్రాంతంలో ఆ రోజుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. సాయంత్రం మన పుస్తకంలో గరిష్ఠం యాభై పడితే మర్నాడు బయటి పనులన్నిటికీ సెలవు. అందుచేత వేసవి వచ్చిందంటే ఉస్తాద్‌కు వీధిలో నడవడమే గండం. ఉస్తాద్‌ను అబూ నిబ్రాస్, అంటే నిబ్రాస్ తండ్రీ అని పిలిచే రొట్టెల అంగడి హమ్దాన్ అరుపు నేనే స్వయంగా విన్నాను.

"ఏం అబూ నిబ్రాస్! మళ్లీ నలభై తొమ్మిదిన్నరేనా? ఆ అర డిగ్రీ దగ్గర కూడా పిసినారితనమేనా? రాసేస్తే నీ సొమ్మేం పోయింది? ఈ పొయ్యి ముందు ఉడికి చస్తున్నానిక్కడ!"

"నా పెట్టె తెచ్చి నీ పొయ్యి ముందు పెడితే ఏడాదంతా సెలవే హమ్దాన్. మరి నాకు రొట్టెలెవరు కాలుస్తారు?" అన్నారు ఉస్తాద్, వేడి సమూన్ రొట్టెలు చంకలో పెట్టుకుంటూ.

ఇంకో వైపు నుంచి, యాభై దాటిన రోజున కూడా నలభై తొమ్మిదని రాయమంటూ ఒక గుత్తేదారు మనిషిని పంపించాడు. అతనికీ టీ ఇచ్చి, అంకె చూపించి, మర్యాదగా సాగనంపారు.

ఇక నేను ఇన్నాళ్లూ దాచిన సంగతి చెప్పాలి. 2011 జులైలో ఒక సోమవారం ఉస్తాద్ తోటకు వెళ్లారు. సాయంత్రం ఆరు గంటల వంతు నాది. గరిష్ఠం 49.6 చూపించింది. రోడ్డుకు తారు పోసే పనిలో ఉన్న మా వారు మన్‌హల్ ముందు రోజే ఎండదెబ్బకు పనిలో కుప్పకూలారు. నేను 50.0 అని రాశాను, అదే నగరానికి ఫోనులో చెప్పాను. ఒక పని మాత్రం మరిచాను. గరిష్ఠ ఉష్ణమాపకంలో పాదరసం ఎక్కినచోటే ఆగిపోతుంది, విదిలిస్తే తప్ప దిగదు. నేను విదిలించలేదు.

ఏడింటికి ఉస్తాద్ వచ్చి, అలవాటు కొద్దీ పెట్టె తెరిచారు. లోపలికొచ్చి పుస్తకం చూశారు. ఎండునిమ్మకాయ టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టారు.

"మన్‌హల్‌కి ఎలా ఉంది చెల్లెమ్మా?"

నాకు ఏడుపు ఆగలేదు. "నిన్న పడిపోయాడు, ఇవాళ మళ్లీ వెళ్లాడు ఉస్తాద్. మానితే పేరు కొట్టేస్తారంట. నన్నేం చేసినా సరే, ఆ అంకె మాత్రం మార్చకండి."

"మారుస్తాను. కాని రేపు సాయంత్రం. రేపు పగలంతా వాణ్ణి పడుకోనీ" అన్నారు. గ్లాసు నా చేతికిస్తూ మళ్లీ అన్నారు. "మనమే ఒక్క అర డిగ్రీ కలిపామనుకో. రేపు ఆ గ్యాసు మంటలు పెట్టేవాళ్లు వచ్చి, వీళ్లు కలిపేవాళ్లే కదా, వేడెక్కింది ఊరు కాదు వీళ్ల కలమే అంటారు. అప్పుడు మన్‌హల్ ఎండలో పడిపోయాడంటే నమ్మేదెవరమ్మా?"

మంగళవారం ఊరంతా విశ్రాంతి తీసుకుంది. సాయంత్రం ఉస్తాద్ 50.0 మీద అడ్డగీత కొట్టి, పైన 49.6 రాసి, తమ సంతకం పెట్టారు. పై కార్యాలయానికి "పరిశీలకుని పొరపాటు" అని తమ పేరు మీదే ఉత్తరం రాశారు. నేను అడ్డుపడితే, "నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాకైతే చొక్కా మీద టీ మరక. నీకైతే చొక్కాయే పోతుంది" అని నవ్వేశారు. ఆ మరక కారణంగా వారి సేవాపుస్తకంలో హెచ్చరిక పడింది, రావలసిన కేంద్రాధిపతి పదవి మూడేళ్లు వెనక్కిపోయింది. ఆ మూడేళ్లలో వారు ఒక్కనాడూ నా వంక అదోలా చూడలేదు.

పైగా ఆ శీతాకాలమే రెండు పెట్టెల లెక్కలూ సంచిలో వేసుకుని అధికారుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. మరుసటి వేసవి నుంచి, అంకె ఎంతున్నా సరే, జులై, ఆగస్టు నెలల్లో పదకొండు దాటాక తారుపని ఆపాలన్న ఉత్తర్వు వచ్చింది. మన్‌హల్ ఇవాళ నా పక్కన క్షేమంగా ఉన్నారంటే ఆ ఉత్తర్వు చలవే. అసలు కథ మా వారికి కూడా ఈ సంచిక చదివితేనే తెలుస్తుంది.

ఎండ విషయంలో అర డిగ్రీ కూడా కలపని ఉస్తాద్, నాకు తెలిసి, జీవితంలో చెప్పిన అబద్ధం ఆ ఒక్కటే. దాన్ని వారు నేర్పిన పద్ధతిలోనే ఇక్కడ దిద్దుతున్నాను. సేవాపుస్తకంలో "పరిశీలకుని పొరపాటు" అన్న మాటల మీద ఒక్క అడ్డగీత కొట్టి, పైన నా పేరు రాయవలసిందిగా నేటి అధికారులను సవినయంగా కోరుతున్నాను. కిందిది చెరపవద్దు. మా ఉస్తాద్ ఒకరి కోసం ఏం చేశారో తరవాతివాళ్లకు కనపడాలి.

పూజ్యులైన ఉస్తాద్ హాతిఫ్ గారూ, మీరు ఆయురారోగ్యాలతో, మీ శ్రీమతి ఉమ్ నిబ్రాస్ గారి చేతి వంట తింటూ, మనవలను ఆడిస్తూ, ఉదయం ఆరింటికి హాయిగా నిద్రపోతూ నూరేళ్లు వర్ధిల్లాలి. మీ మేనమామ గారి తోటలో మిగిలిన చెట్లు గెలలు వేయాలి. ఆ పెట్టె అంకె దిగివచ్చే రోజును మీరు మీ కళ్లతో చూడాలి. అంతవరకూ మీ బదులు నేనే వారానికి మూడు సాయంత్రాలు బస్సెక్కి వెళ్లి చదివి వస్తాను, ప్రతిసారీ మరిచిపోకుండా విదిలిస్తాను.

సవరించి సంతకం చేసినది:
సుఆద్ జబ్బార్, పరిశీలకురాలు