మారెక్కవ్వ పిడికిలి

చెప్పేవాళ్ళకు నోరు, వినేవాళ్ళకు ఊ. ఎద్దుల జత మాదిరి రెండూ కలిసి నడిస్తేనే కథ ఊరు చేరుతుందని నాకు నేర్పింది నువ్వే కదవ్వా. మరి ఈ పొద్దుకు తొమ్మిది దినాలు, నీ నోట ఊ లేదు. పక్షవాతం వచ్చి మాటలన్నీ పోయినప్పుడు నీకు మిగిలింది ఆ ఒక్క ఊ. ఉన్న ఒక్కదాన్నీ దాచిపెట్టుకుంటే నేను కథ చెప్పేది ఎవరికి, గోడకా?

అటు తిరుక్కోవద్దు. గోడలో చూసేదానికి ఏముండాది?

సరే, ఊ లేకుండానే మొదలుపెడతాను. పగటిపూట కథ చెబితే దోవన పోయేవాళ్ళు దారి తప్పుతారనేదానివి. తెలుసు. ఈ పొద్దు మన ఇంటి దోవన వచ్చేది గుంతకల్లులో రాళ్ళు కొనే శ్రీరంగప్ప ఒక్కడే. నీ పిడికిట్లో ఏముండాదో చూసేదానికి సాయంత్రం బస్సుకు వస్తాడు. ఆయన దారి తప్పితే నాకేం అభ్యంతరం లేదు.

విను.

వాన రాని మూడేండ్లకూ, వచ్చిన ఒక్క దినానికీ నడుమ, వజ్రకరూరు పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అవ్వ. ఆమె పేరు మారెక్క. నీ పేరే, ఏం చేసేది, కథలో ఆమెకూ అదే పేరు పెట్టినారు. ఆమె కొడుకు గురప్ప, కోడలు లక్ష్మక్క. వాళ్ళకు సరళ అని ఒక కూతురు. ఆ సరళకు పుట్టినప్పటి నుంచీ మొహాన నవ్వు లేదు. లక్ష్మక్క మూడు అమావాస్యలు దిష్టి తీసింది. దిష్టి పోయిందో ఏమో కానీ నవ్వు రాలేదు.

అవ్వకు ఒక వ్యసనం. తొలకరి వాన పడి నేల కడుక్కుపోయిందంటే చాలు, కొంగు నడుముకు చెక్కుకొని వజ్రాలు ఏరేదానికి పోయేది. కర్నూలు నుంచి, బళ్ళారి నుంచి జనం సద్దిమూటలు కట్టుకొని వచ్చి, తలలో పేన్లు చూసినట్టు నేలను చూస్తారు కదా, వాళ్ళందరికంటే ముందు వరుసలో ఆమె. నలభై ఏండ్లు ఏరింది. ఒకే ఒక్కసారి దొరికింది. చూపిస్తే పలుగురాయి అన్నారు. నిజంగా దొరికితే ఏం చేస్తావవ్వా అని మనవరాలు అడిగితే, దొరికినాక చెప్తాలే అనేది.

పొద్దు వాలినాక, చేను నుంచి ఇంటికి నడిచే దోవలో, ఆమె ఒక కథ చెప్పేది. పూర్వం ఒక తల్లికి ఆ చేన్లోనే వజ్రం దొరికిందంట. రాజుగారి మనుషులు లాక్కుంటారని పిడికిలి మూసిందంట. మూసిన చేత్తో ముద్ద తినలేదు, తల దువ్వుకోలేదు, దేవునికి దండం కూడా పెట్టలేదు. ఒకనాడు ఆమె బిడ్డ బావి గట్టు మీద నుంచి జారింది. తల్లి పిడికిలి విప్పి బిడ్డ రెక్క పట్టుకుంది. వజ్రం గట్టు కింద బురదలో పడి కనబడకుండా పోయింది. వాన వచ్చినప్పుడల్లా అది కొంచెం కొంచెం కదులుతుందనీ, మనమందరం ఏరేది దాన్నేననీ అవ్వ చెప్పేది.

బిడ్డను పైకి లాగినాక ఆ తల్లి ఏం చేసిందని మనవరాలు అడిగింది. ఏం చేస్తాది, చెంప మీద ఒకటి ఇచ్చింది, అని చెప్పింది అవ్వ. కథ అక్కడ అయిపోయేది.

కండ్లు మూసుకుంటే నిద్రపోయినావని అనుకుంటానా? పిడికిలి ఇంకా బిగించినావు. నిద్రపోయేవాళ్ళు బిగించరు.

పోయినేడు ఉగాది దాటినాక అవ్వకు కుడిపక్క పడిపోయింది. అప్పటికి మనవరాలు చదువు ముగించి అనంతపురంలో ఒక సంస్థలో చేరి ఉండింది. ఆ చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ. ఊర్లో ఎవరికీ నోరు తిరగక, పనుల డాక్టరు అన్నారు. చేయి పడిపోయినవాళ్ళకు పళ్ళు తోముకోవడం, గుండీ పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్పే పని అని ఆమె నాయనకు విడమరిచి చెప్పింది. గురప్ప అంతా విన్నాడు.

"రోగమొచ్చినోళ్ళకు పని మాన్పించేవాడు డాక్టరు. చేయించేవాణ్ణి మేస్త్రీ అంటారు పాపా."

మేస్త్రీ ప్రతి శనివారం బస్సెక్కి ఊరికి వచ్చింది. మొదటి తగువు అమ్మతోనే. లక్ష్మక్క అత్తకు ముద్ద చేసి నోట్లో పెట్టేది, చీర చుట్టేది, తల దువ్వేది, ఈగ వాలితే తానే తోలేది. అంతా ప్రేమే. ఆ ప్రేమలో కుడిచేతికి చేసేదానికి ఏ పనీ మిగల్లేదు. ఇంక తినిపించొద్దమ్మా అంటే, అత్తకు పిడికెడు అన్నం పెట్టని కోడలని పక్కింటోళ్ళు అంటారే అని ఆమె కండ్లనీళ్ళు పెట్టుకుంది. చివరకు తలుపు గడియ పెట్టి, అవ్వ తన చేత్తో తాను తినేట్టు ఒప్పందం కుదిరింది. ఇంటిల్లిపాదీ దొంగతనంగా చేసిన పని అదొక్కటే.

సంస్థలో ఇచ్చిన రంగు మేకులూ, చిల్లుల పలకా తెచ్చి, ఒక్కొక్క మేకు ఒక్కొక్క చిల్లులో పెట్టమంది. అవ్వ బాగున్న చేత్తో పెట్టెను మంచం కిందికి తోసింది. శెనక్కాయలు ఒలవమంది. రెండు ఒలిచి, గింజలు నోట్లో వేసుకొని, పడుకుంది.

అప్పుడు మనవరాలికి తన చదువులోని మొదటి పాఠం గుర్తుకొచ్చింది. చేతికి ఏమైందని అడిగేది తర్వాత. ఆ చేత్తో ఏం చేయాలని ఉందో ముందు అడగాల. అడిగింది. తల దువ్వుకుంటావా అవ్వా? పలుకు లేదు. సంగటి కలుపుకుంటావా? లేదు. ఆకుకు సున్నం రాసుకుంటావా? కొంచెం ఆలోచన చేసింది, అదీ లేదు. వజ్రాలు ఏరేదానికి పోదామా?

ఊ అన్నావు. వీధిలో పోయే మేకలు కూడా తిరిగి చూసినాయి.

ఆ వారం నుంచి మంచం మీద చాట, చాటలో చేన్లోని గులకరాళ్ళు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక రాయి పట్టి చెంబులో వేయాల. మొదట చింతగింజంత రాళ్ళు, తర్వాత కందిగింజంత, చలికాలం పోయేసరికి జొన్నగింజంత. పట్టు వచ్చింది. వదిలేది మాత్రం రాలేదు. రాయిని చెంబు మీదికి తెచ్చి, అక్కడ విడవలేక చేయి వణికేది. మనవరాలు మణికట్టు నిమిరితే తప్ప పడేది కాదు. ఈ రోగంలో పట్టుకోవడం ముందూ, వదలడం ఆఖరునా వస్తాయని పుస్తకంలో ఉంది. రోగం లేనివాళ్ళలో కూడా దాదాపు అంతేనని ఆమెకు తోచింది.

ఈ జూన్‌లో వాన వచ్చింది. మనవరాలు సంస్థలో సెలవు పెట్టి వచ్చింది. ఎదురింటి మద్దిలేటి బండి కట్టినాడు. చేన్లో పీట వేసి అవ్వను కూర్చోబెట్టినారు. సగం చేత్తో వస్తే సగం వజ్రమే దొరుకుతాదవ్వా అని మద్దిలేటి అన్నాడు. ఆ పక్కనున్నోళ్ళు నవ్వినారు. మొదటి దినం అవ్వ పద్దెనిమిది రాళ్ళు తీసి చూసి పారేసింది. రెండో దినం నాలుగు. మూడో దినం చేయి ఒళ్ళోనే ఉండిపోయింది. కండ్లు నేల మీద లేవు, ఎక్కడా లేవు. యాడాదికి పైగా చాటలో ఏరిన రాళ్ళన్నీ ఆ ఒక్క పూటలో ఉత్త రాళ్ళయిపోయినాయి.

అప్పుడు ఆమె కుడిపక్కన, చేయి పూర్తిగా చాచితే అందే దూరంలో, ఒక తెల్లరాయి మెరిసింది.

అవ్వ చాచింది. రెండు వేళ్ళతో పట్టింది. అంత చక్కని పట్టును ఆ మనవరాలు ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. కండ్ల దగ్గరికి తెచ్చి చూసుకొని, ఐదు వేళ్ళూ మూసింది. జనం మూగినారు. గురప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని, గుడి ముందర నిలబడినట్టు నిలబడినాడు.

అంతే. ఆ పిడికిలి మళ్ళీ తెరుచుకోలేదు.

తొమ్మిది దినాలు. అన్నం మళ్ళీ ఎడమచేత్తో. లోపల చెమట పులిసి వాసన వస్తాండాది. గోర్లు అరచేతిలో దిగినాయి. ఇంకో వారం ఇట్లే ఉంటే వేళ్ళు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి, ఆ తర్వాత వాటిని తెరిచేది ఆపరేషన్ కత్తి ఒక్కటే. విత్తనం శెనక్కాయలు మూటలోనే ఉండాయి. ఇంట్లో వజ్రం పెట్టుకొని ఎవరు విత్తుతారని నాయన అడుగుతాండాడు. శ్రీరంగప్పకు కబురు పంపింది ఆయనే. మధ్యాహ్నం అమ్మతో అంటాంటే విన్నాను.

"అమ్మ తెరవకుంటే నేనూ మద్దిలేటీ తెరుస్తాం. ఆమెవి ఐదు వేళ్ళు, మేం ఇద్దరు మనుషులం."

ఈ చేతిని బలవంతాన తెరిస్తే విరుగుతాది అవ్వా. మెల్లగా విరగదు, పుల్ల విరిగినట్టు విరుగుతాది. నాయనకు చెప్పినాను. మేస్త్రీ మాట ఆయన వినడు.

అందుకే పగలైనా కథ చెప్తాండాను. ఇంక ఇక్కడి నుంచి మనవరాలు అనడం నాకు చేతకావడం లేదు. ఆ రాయిని అక్కడ వేసింది నేనే.

నా ఎడమచెవి కమ్మలోది. పది పాసైనప్పుడు పెన్నహోబిలం తిరునాళ్ళలో నువ్వు కొనిపెట్టిన కమ్మలు. పిన్నీసుతో రాయిని ఊడదీసి, నువ్వు అటు చూస్తాంటే ఇటు వేసినాను. చేయి ఎంతవరకు చాచగలవో కొలిచి మరీ వేసినాను. నువ్వు ఒక్కసారి పడితే చాలు, తర్వాత మెల్లగా చెప్పి నవ్వించొచ్చు అనుకున్నాను. నవ్వించడం నాకు రాదని అప్పుడు గుర్తు లేదు.

ఇది సగమే. మిగతా సగం కూడా చెప్తాను.

నలభై ఏండ్లు ఏరినదానివి. పుట్టువజ్రం మసకగా ఉంటుందని, నున్నగా పలకలు చెక్కి, అడుగున తగరం పూసి ఉండదని నీకు ఒకరు చెప్పాలా? కండ్ల దగ్గరికి తెచ్చుకున్నప్పుడే నీకు తెలిసింది. తెలిసి, నా చెవి వైపు చూసినావు. చుట్టూ జనం, నాయన, మద్దిలేటి. వాళ్ళ మొహాలు చూసినావు. ఆ తర్వాతే పిడికిలి మూసినావు.

నువ్వు చూసింది నేను చూసినాను అవ్వా.

చూసి, జుట్టు చెవి మీదికి దువ్వుకొని, తొమ్మిది దినాలు ఏమీ తెలియనట్టు నీ వేళ్ళకు నూనె రాసినాను. పనుల డాక్టరు ముసలామెను మోసం చేసిందని తెలిస్తే, ఈ చుట్టుపక్కల ఇంకొక చేయి నా చేతిలోకి రాదని భయం. నా పేరు నిలబడేదానికి నీ చేయి కుళ్ళినా ఊరుకున్నాను. నువ్వు నా కోసం మూసినావు, నేను కూడా నా కోసమే ఊరుకున్నాను. ఇద్దరం ఒక్క మనిషినే కాపాడుకొచ్చినాం.

నాయనకు నేనే చెప్తాను. శ్రీరంగప్పకూ నేనే చెప్తాను. వాళ్ళు ఏమన్నా అననీ. నువ్వు దాచాల్సింది ఇంకేమీ లేదు. వదిలేయి.

నేను నిమరను. నా చేతులు ఇదో, ఒళ్ళో పెట్టుకున్నాను.

...బొటనవేలు కదిలింది. నేను ముట్టుకోలేదే.

చూపుడువేలు. మెల్లగా, తొందర లేదు. బస్సుకు ఇంకా పొద్దుండాది. ఆ చిటికెనవేలు కూడా.

పడింది. మంచం పట్టెల మీద పడింది, నేను తీసుకుంటాలే. ఎంత చిన్న రాయి అవ్వా ఇది. తొమ్మిది దినాలు ఇల్లంతా దీని చుట్టూ తిరిగింది.

చేయి ఎందుకు లేపుతాండావు? అంత ఎత్తు లేవదు నీ భుజం, నొప్పి పుడతాది. కమ్మ చూడాలా? ఉండు, జుట్టు తీస్తాను, ఇదో చూ—

...

సరే.

దెబ్బ గట్టిగా లేదు. గట్టిగా కొట్టాలనే ఉద్దేశం మాత్రం బాగా తెలిసింది. ఐదు వేళ్ళూ విడివిడిగా తగిలినాయి, నేను లెక్కపెట్టినాను. సోమవారం సంస్థ పుస్తకంలో రాయాల: కుడిచేయి భుజం ఎత్తుకు లేచింది, వేళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఏ వస్తువుతో సాధన చేయించినారని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తాను.

బస్సు హారను వినిపిస్తాండాది. శ్రీరంగప్ప దారి తప్పలేదు. నాయన చెప్పులు వేసుకుంటాండాడు, నేను ఎదురు పోతాను. నువ్వు చేతిని అట్లే తెరిచి పెట్టుకో, గాలి తగలనీ.

ఏమంటివి? మళ్ళీ అను.

చాలు. పిడికిలి విప్పిన తల్లి కథ ఇంతే, చెంపదెబ్బ దగ్గర అయిపోతుంది. ఈ కథ నాకు మొదట చెప్పింది గురప్ప తల్లి మారెక్క. ఈ పొద్దు దీనికి ఊ కొట్టింది కూడా ఆమే.