నల్ల బిళ్ళ కనబడింది

స్విమ్మింగ్ పూల్ మూసి అది ఆరో రోజు. గేటుకి తాళం, తాళం పక్కన నోటీసు, ఎదురుగా రోడ్డుకి ఇవతల టీ కొట్టు. తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి బన్ను కావాలని గోల చేసే పిల్లలు లేక కొట్టు బోసిపోయింది. కానీ కొట్టాయన దిగులు దాని గురించి కాదు. ఆ పూల్‌కి కాపలా ఆయన బావ, సొంత అక్క మొగుడు. పేటంతా ఆయన్ని డేగకన్ను అంటుంది. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే.

పూల్‌లో పది అడుగుల లోతు ఉన్న వైపు, అడుగున అరచేయంత నల్ల బిళ్ళ ఒకటి అతికించి ఉంటుంది. రోజూ పొద్దున గేటు తియ్యకముందు కాపలాదారు గట్టు మీద నిలబడి చూడాలి. బిళ్ళ కనబడితే నీళ్ళు తేటగా ఉన్నట్టు, ఎవరైనా మునిగినా కనబడతారన్నట్టు. అప్పుడు రిజిస్టర్లో 'కనబడింది' అని రాసి సంతకం పెట్టాలి. కనబడకపోతే ఆ రోజుకి గేటు తియ్యకూడదు. ఇరవై రెండేళ్ళుగా డేగకన్ను ఒక్కరోజూ తప్పకుండా 'కనబడింది' అనే రాశాడు. కిందటి వారం తనిఖీకొచ్చిన ఆఫీసరు అదే గట్టు మీద నిలబడితే, బిళ్ళ మాట దేవుడెరుగు, మూడో మెట్టు కూడా కనబడలేదు. రిజిస్టరు తీస్తే ఆ పొద్దుటి సిరా ఇంకా ఆరలేదు, 'కనబడింది'. ఆఫీసరు అప్పటికప్పుడు అందరినీ బయటికి పంపి తాళం వేయించాడు.

ఫిల్టరు బాగుచేశారు, నీళ్ళు మార్చారు. మిగిలింది కాపలాదారు సంగతే. కళ్ళ డాక్టరు చీటీ అయినా తేవాలి, లేకపోతే రోజూ చూసే ముగ్గురు 'ఈయన చూపు బాగానే ఉంది' అని సంతకాలైనా పెట్టాలి, అప్పుడే సోమవారం తాళం తీస్తాం అంది కమిటీ. డాక్టరు మాట ఎత్తితే డేగకన్ను అంతెత్తున లేచాడు. కాగితం రాయించుకుని తిన్నగా బామ్మర్ది కొట్టుకొచ్చాడు.

ఆ పొద్దున్నే అక్క కూడా వచ్చి వెళ్ళింది. "సంతకం పెట్టెయ్యరా తమ్ముడూ. ఆ పని పోతే మీ బావ మంచం పట్టేస్తాడు" అంది.

"చూపెలా ఉందక్కా?"

"నిన్న రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులేసుకుని బజారుకెళ్ళొచ్చాడు" అని, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది.

కొట్టాయనకి ఆరేళ్ళ మనవరాలుంది. సోమవారం ఈత క్లాసు అని బ్యాగు సర్దుకుని, కొత్త టోపీ పెట్టుకుని అద్దం ముందు తిరుగుతోంది. అందుకే పెన్ను ఆయన చేతిలో కాలుతున్న గరిటెలా ఉంది.

"ఏరా బామ్మర్దీ, పెన్ను పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తున్నావా? కానియ్యి. మాస్టారు పెట్టేశారు చూడు," అన్నాడు డేగకన్ను. చెప్పులు విడిచి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన అదే తీరున దర్జీ. ఎదురు కుర్చీలో లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయన ఎవరికీ కాదనలేకపోతున్నారు, మొహమాటానికి ఎప్పుడో పెట్టేశారు.

"పెడతాం అన్నా, తొందరేముంది?" అన్నాడు దర్జీ. "ముందు ఆ చెవిదిద్దు సంగతి చెప్పు."

అంతే. తూము తీసినట్టయింది.

"అదేం పెద్ద విషయం కాదురా. ఓ పొద్దున ఒకావిడ ఏడుస్తూ వచ్చింది, చెవిదిద్దు మర పూల్‌లో పడిపోయిందని. ఎంత ఉంటుందది? ఆవగింజంత. నేను గట్టు మీద నిలబడి ఇలా ఒక్క చూపు చూశాను. ఎడం మూల నుంచి నాలుగో పలక, దాని అంచున తళుక్కుమంది. దిగి తీసిచ్చాను, అంతే."

"అది మాత్రం నిజం," అన్నారు మాస్టారు. "నేనూ ఉన్నాను అక్కడ. ఇరవై ఏళ్ళయిందేమో."

"చూశారా! పెద్దమనిషి సాక్ష్యం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఒకడు సూది పడేశాడు. పడేశాడా, నేనిక దిగలేదు, ఒళ్ళు తడుపుకోవడం ఎందుకని. సూది అడుగున పడుకుని ఉంది, బెజ్జం నా వైపే తిరిగి ఉంది..."

"గట్టు మీంచి బెజ్జం కనబడిందా అన్నా?"

"కనబడ్డమేంట్రా! నువ్వు కొట్లో దీపం కింద కూర్చుని, దారం కొస నోట్లో తడిపి నానా తంటాలూ పడతావు. నేను గట్టు మీంచి దారం వదిలాను. పది అడుగులు దిగింది, బెజ్జంలో దూరింది, అవతలికొచ్చింది, ముడి పడింది. లాగాను. సూది పైకొచ్చింది."

"ముడెవరేశారు?"

"నీళ్ళ సుడికి అదే పడింది. మధ్యలో అడ్డురాకు, నాకు లెక్క తప్పుతుంది."

కొట్టాయన నవ్వుతూనే గ్లాసు కడిగి, మంచినీళ్ళు నింపి బావ ముందు పెట్టాడు. అప్పుడు చూశాడు. దర్జీ జేబులోంచి కోటు బొత్తాం ఒకటి తీశాడు. నల్లది, బొటనవేలి గోరంత. చప్పుడు కాకుండా ఆ గ్లాసులో వదలబోయాడు కానీ, అడుగున తగిలి టంగుమంది.

"ఏంటా చప్పుడు?"

"చెయ్యి తగిలిందన్నా. చెప్పు, చెప్పు."

తేట నీళ్ళు, గాజు గ్లాసు. బొత్తాం అడుగున నల్లగా కూర్చుంది. మాస్టారు చూసి కళ్ళు దించుకున్నారు. కొట్టాయనకి దర్జీ మీద కోపం తన్నుకొచ్చింది. మళ్ళీ, తాను చెయ్యాల్సిన పని వాడు చేశాడని సిగ్గేసింది.

"సూది సరే, అదంటే ఇనుము," అని డేగకన్ను గ్లాసు కోసం చెయ్యి చాపాడు. అంగుళం పక్కగా తడిమి, దొరకబుచ్చుకుని, పైకెత్తాడు. అంతలో ఇంకో మాట గుర్తొచ్చి ఆయన గ్లాసు దించేశాడు. "చీమ మాట చెప్పానా మీకు? పూల్ అడుగున నడిచిపోతోంది. నీళ్ళలో చీమేంటి అంటారేమో, ఊపిరి బిగబట్టింది. పాపం, ఎడమ వైపు వెనక కాలు కుంటుతోంది. జాలేసింది నాకు. సాయంత్రం దాకా అటు ఎవర్నీ దూకనివ్వలేదు."

"అది ఎడమ కాలని ఎలా తెలిసిందయ్యా?" అన్నారు మాస్టారు.

"నా కుడి వైపుంది కనక. ఎదురుగా వస్తున్నదానికి మన కుడి దాని ఎడమ కాదూ? లెక్కల మాస్టారికి ఇదీ నేనే చెప్పాలా!"

మాస్టారికి నవ్వాగలేదు. డేగకన్ను మళ్ళీ గ్లాసెత్తాడు.

"మరి ఆ ఆఫీసరొచ్చిన రోజు ఏమైంది బావా?" అన్నాడు కొట్టాయన గబుక్కున. గ్లాసు దిగింది.

"అక్కడికే వస్తున్నాను! మూడు రోజుల ముందే కనిపెట్టాను. పూల్ అడుగు చూశాను, పలకల కింద గొట్టం కనబడింది, ఆ గొట్టంలోంచి చూపు పోనిచ్చాను, ఈ రోడ్డు కిందుగా, మీ అందరి కాళ్ళ కిందుగా, ఊరవతల నీళ్ళ ట్యాంకు దాకా. ఆగానా? ట్యాంకు మీద మబ్బు. మబ్బులో ఒకే ఒక్క చుక్క మురికిది! పోవే అని కళ్ళెర్రజేశాను. పక్క ఊరికి జరిగి అక్కడ కురిసింది, కావాలంటే కనుక్కోండి. అప్పటికే ఓ తుంపర ఇటు పడనే పడింది. ఇక చేసేదేముంది? పూల్ మీద చూపు ఆనించి నిలబడ్డాను. నా చూపుకి జడిసి మురికి అడుగునుంచి లేవలేదు. పంపులెందుకు, ఫిల్టర్లెందుకు! మూడు రోజులు రెప్ప వెయ్యలేదు. నాలుగో రోజు ముక్కు మీద దోమ వాలింది. వేశాను. ఒక్క రెప్ప! ఇరవై రెండేళ్ళలో ఒకే ఒక్క రెప్ప! సరిగ్గా అప్పుడే ఆ ఆఫీసరు గేట్లో కాలు పెట్టాడు. నా ఖర్మ కాకపోతే ఏంటిది?"

మాస్టారు పొట్ట పట్టుకున్నారు. దర్జీ కూడా పగలబడి నవ్వాడు. అంత చెప్పాక గొంతు ఎండదూ? డేగకన్ను గ్లాసెత్తి పెదవులకి ఆనించాడు.

కొట్టాయన ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు బావా. తాగకు."

"ఏంరా?"

"గ్లాసు అడుగున ఏముంది?"

"ఏముంటుంది, గ్లాసుంటుంది."

"సరిగ్గా చూడు."

డేగకన్ను గ్లాసుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. వెలుతురుకేసి తిప్పాడు, తల వాల్చి చూశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, మాట దానంతటదే వచ్చింది. "తేటగా ఉన్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొట్టాయన నీళ్ళు ఒంపేసి, బొత్తాం తీసి బావ అరచేతిలో పెట్టాడు. డేగకన్ను దాన్ని వేళ్ళతో తడిమాడు. నాలుగు బెజ్జాలు. ఒకటికి రెండుసార్లు తడిమాడు.

"ఎన్నాళ్ళయింది బావా?"

డేగకన్ను బొత్తాం గుప్పిట్లో బిగించాడు. "ఏడెనిమిది నెలలు. పొగలా ఉంటుందిరా అంతా." తర్వాత మెల్లిగా, "బిళ్ళ ఎక్కడికి పోతుంది? నా చేత్తో అతికించిందే. నిన్న ఉంది, ఇవాళా ఉంటుంది కదా అని రాసేవాణ్ణి."

"బిళ్ళ ఉందో లేదో చూడమని కాదు కదా బావా నిన్ను నిలబెట్టింది. దాని మీద ఎవరైనా పడి ఉన్నారేమో చూడమని. సోమవారం నా మనవరాలు దిగుతుంది."

డేగకన్ను ముఖం తుడుచుకున్నాడు. కాగితం అడిగి తీసుకుని రెండో వైపు తిప్పి, మళ్ళీ బామ్మర్దికే ఇచ్చాడు. "రాయి. తేదీ వెయ్యి."

"ఏమని?"

"'నల్ల బిళ్ళ కనబడలేదు.' అంతే రాయి, ఎక్కువ రాయకు. రూలు ప్రకారం కనబడకపోతే గేటు తియ్యకూడదు. నా చూపు కుదుటపడేదాకానో, వేరే కళ్ళు దొరికేదాకానో తియ్యొద్దని చెప్పు వాళ్ళతో."

కొట్టాయన రాసి, పెన్ను బావకిచ్చాడు. పెన్ను మొన చోటు వెతుక్కుంటుంటే బావ చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టాడు. సంతకం పడింది. మాస్టారు కాగితం అవతలివైపున్న తన సంతకాన్ని తనే కొట్టేశారు.

"శుక్లమే అయ్యుంటుందన్నా," అన్నాడు దర్జీ. వాడి గొంతులో ఇందాకటి ధీమా లేదు. "తీసేస్తారు. మా అత్తకి తీశారు."

"మీ అత్తదీ ఓ శుక్లమేనా?" డేగకన్ను బల్ల దిగి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "నాది చూస్తే ఆ డాక్టరుకి మతి పోతుంది. ఇంత శుక్లం ఆయన జన్మలో చూసుండడు. తియ్యడానికి ఇద్దరు మనుషులు పట్టాలి, మోయడానికి బండి కావాలి."

కొట్టాయన స్టవ్వు ఆపి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "పద, ఇప్పుడే పోదాం. రోడ్డు దాటిస్తాను."

"ఏం, నేను దాటలేనా?"

"దాటగలవులే బావా. కాకపోతే ఆ కుడికాలి చెప్పు దర్జీది."