తేలు గారి నెంబర్ వన్

హలో… ఆ, నేనే. మీ బావనే. మధ్యాహ్నం పూట కళ్ళద్దాల కొట్లో ఇంకెవరుంటారు, మీ అక్కా?… చెప్పు. లిస్టు చదివావా?

ఆ… కొంచెం ఘాటుగా ఉందా!

ఒరేయ్ బావమరిదీ, పాతికేళ్ళుగా పేపర్లో "తేలు" అని పేరు పెట్టుకుని రాస్తున్నవాడి దగ్గరికొచ్చి, కుట్టకుండా రాయమంటే ఎలారా?… అడిగింది మీ రేడియో వాళ్ళే కదా. తొంభైల్లో వచ్చిన రాక్, ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌లలో పది మంచివి ఏరి, ఇవాళ సాయంత్రం ఆరింటికి స్టూడియోకొచ్చి మాట్లాడమన్నారు. ఏరాను. వచ్చి మాట్లాడతాను. ఇంకేం కావాలి?

ఏది లేదు?… "ఇనుప చెప్పులు" లేదా. లేదు. ఉండదు.

అమ్ముడుపోయిందీ… జలుబు మాత్రలు కూడా బోలెడు అమ్ముడుపోతాయి, ఎవడైనా పాడుకుంటాడా?… అవి డ్రమ్ములట్రా? మొగుడి మీద అలిగి అంట్లు తోముతున్న చప్పుడు. గంటసేపు తోమారు. ఒక్క గిన్నె తెల్లబడలేదు.

ఇంకా?… "గాజు నిద్ర"… నవ్వొస్తోంది. ఆ గాయకుడు పాడుతున్నాడో పుక్కిలిస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. అట్ట మీద మాత్రం బంగారు రంగు అక్షరాలు, లోపల పదహారు పేజీల ఫొటోల పుస్తకం. మింగమెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె—

ఒక్క నిమిషం ఉండు… అయ్యా, ఆ ఫ్రేము మీ ముక్కుకి పెద్దది… నచ్చితే ఏం లాభమండీ, వంగితే చాలు జారి పడుతుంది. కింది వరసలో చూడండి…

ఆ, చెప్పు… ఎవరో ఒకాయన, ముక్కు చూసుకోకుండా మొహం చూసుకుంటున్నాడు. మీ రేడియో శ్రోతల్లాగే.

ఆ రెండు డిస్కుల ఆల్బమా? ఒక డిస్కుకే సరుకు లేదు, రెండోది దేనికి, వడ్డీకా?… సరే, వాళ్ళని పదో స్థానంలో పెడతానని చెప్పు మీ మేనేజరుకి. ఇంకేదైనా దొరికేదాకా.

మొదటి స్థానమా?… దాని గురించి అడిగేదేముంది. "తడి గోడలు". "నాలుగో అంతస్తు" వాళ్ళ మొదటి ఆల్బమ్. పాతికేళ్ళుగా నేను చెప్తున్నది అదే, ఇవాళా అదే. అయిదొందల కాపీలు వేశారు, మళ్ళీ వెయ్యలేదు, కంప్యూటర్లో వెతికినా దొరకదు. నా వ్యాసం చదివినవాళ్ళే గానీ ఆ రికార్డు విన్నవాళ్ళు ఊళ్ళో పదిమంది లేరు… అదీ గొప్పే!

ఆ నిదానం చూడు. ఆ అమ్మాయి గొంతులో ఒక్కో మాటా ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళలా బయటికొస్తుంది, వెనక్కి చూసుకుంటూ. గిటారు ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది. ఆ ఆగిన చోట మా అమ్మ పోయిన ఏడాదంతా నేను కూర్చున్నానురా. తొందరపడే ఏ పాటా నన్ను అలా కూర్చోనివ్వలేదు. ఆ వ్యాసంతోనే కదా తేలు పుట్టింది…

ఏంటి, నేనొక్కణ్ణే వాగుతున్నాను? తేలు కుట్టిన దొంగలా మాట్లాడవేం?

…ఏం దొరికింది?

అసలు రికార్డే?… మీ స్టేషన్ బీరువాలోనా! పాత వార్తల డబ్బాల వెనకా?… అబ్బ. అబ్బబ్బ. విన్నావా?… ఎలా ఉంది?

…

గబగబా ఉండటమేంటి?

స్పీడు తప్పు పెట్టుంటావు. అది ముప్పై మూడు, నువ్వు నలభై ఐదు మీద తిప్పుంటావు… చూశావా? సరే, మెషిన్ పాడైంది. ఇంకోదాని మీద పెట్టు… పెట్టావా?… మూడింటి మీదా?… ఆడలేక మద్దెల ఓడు అని, మీ దగ్గర మూడు మెషిన్లూ ఓడేనన్నమాట. ఒరేయ్, ఇరవై ఏళ్ళుగా ఆ స్టేషన్లో నీ ఉద్యోగం మీటలు నొక్కడమే. అది కూడా రాకపోతే ఎలా?

ఏంటీ?… ఇన్నేళ్ళుగా నేను విన్న టేపా తప్పు?

నోరు జాగ్రత్త… అట్ట మీద పాటల పక్కన నిమిషాలు వేసుంటారు, ఏదీ చదువు… మొదటి పాట, మూడున్నర. సరే. ఉండు, ఫోన్ పెట్టెయ్యకు. టేపు ఇక్కడే ఉంది, వెనక గదిలో అద్దాలు అరగదీసే మెషిన్ పక్కన. వాచీ చేతికే ఉంది. ఇప్పుడే తేలుద్దాం… అయ్యా, మీరు చూస్తూ ఉండండి, వస్తాను… సాయంత్రమొస్తారా? సాయంత్రం నేనుండను, రేపు రండి.

ఆ… పెట్టాను. మొదలైంది. వింటున్నావా?… చెప్పానా, ఎంత హాయిగా… ఇంకా పల్లవే… ఇదిగో చరణం… మాట్లాడకు.

…

…నాలుగు నిమిషాలు.

లేదు, సరిగ్గానే చూశాను. నాలుగు నిమిషాలు. రెండో పాట చదువు… వద్దులే. చదవకు.

టేపు సాగిపోయుంటుంది… సాగితే అంత సమానంగా సాగదా. నీకే తెలుసు అన్నీ!

ఆగాగు. అసలు ఈ టేపు ఎక్కించి ఇచ్చిందెవడు? నువ్వు! హాస్టల్లో మీ రూముమేటు డొక్కు టేపురికార్డర్ మీద ఎక్కించి, మహా ఉపకారం చేస్తున్నట్టు కాగితంలో చుట్టి మరీ తెచ్చావు… ఏంటీ, అది గబగబా తిరిగేదా?… మీ హాస్టలంతా తెలుసా?… ఇప్పుడు చెప్తున్నావా!… ఆ, అర్థమైంది, నేనేమీ చిన్నపిల్లాణ్ణి కాదు. గబగబా తిరిగే మెషిన్ మీద ఎక్కిస్తే, మంచి మెషిన్ మీద నీరసంగా పాడుతుంది. పాతికేళ్ళు నీరసాన్ని పట్టుకుని దుఃఖం అన్నాను. బాగుంది. చాలా బాగుంది.

"దుఃఖానికి తొందర లేదు" అని హెడ్డింగ్ పెట్టాను రా. కాలేజీ పిల్లలు ఆ వాక్యం గోడల మీద రాశారు.

…సరే. విను. ఎవరికి తెలుసిప్పుడు? నీకూ నాకూ. నువ్వు ఆ రికార్డు తీసుకెళ్ళి మళ్ళీ ఆ డబ్బాల వెనక పెట్టెయ్. ప్రోగ్రాంలో నా టేపు వేద్దాం. ఎవడూ అడగడు…

అడిగేవాళ్ళు వచ్చారంటావేంటి?… ఎవరొచ్చారు?

ఆ అమ్మాయా. "నాలుగో అంతస్తు"లో పాడినావిడ… ఎందుకు పిలిచారు? నాకు చెప్పకుండా ఎందుకు పిలిచారు?… నన్ను ఆశ్చర్యపరుద్దామనా! పరిచారు. మీ మేనేజరుకి దండ వెయ్యాలి.

…గుర్తుంది. నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. వాళ్ళ రెండో ఆల్బమ్ "సెలవు రోజు". నేను రాసినదానికి హెడ్డింగ్ "నాలుగో అంతస్తు నుంచి కింద పడ్డారు". ఏడవడం వచ్చినవాళ్ళు గంతులేస్తున్నారు, అమ్ముడుపోయారు, తడి గోడలకి సున్నం కొట్టి అద్దెకిచ్చారు… ఆ, రాశాను. అప్పుడు నువ్వు కూడా నవ్వావు.

తర్వాత కచేరీలు రద్దయితే దానికి నేనా?… ఒక్క పేపరు ముక్కకి ఎవరైనా పాడటం మానేస్తారా?… రికార్డు కంపెనీవాడా?… ఆ ముక్క కత్తిరించి, బల్ల మీద పెట్టి, మూడో ఆల్బమ్ వద్దన్నాడా?… ఎవరు చెప్పారు నీకు?… ఆవిడే చెప్పిందా. ఊరికే, టీ తాగుతూ చెప్పిందా.

ఇప్పుడేం చేస్తోంది?… డ్రైవింగ్ స్కూలు. కారు నేర్పిస్తుందా… మళ్ళీ పాడలేదా? ఎక్కడా?

…

అయితే మొదటి రికార్డే గంతులేస్తుంటే, వాళ్ళేమీ మారలేదన్నమాట. మొదటి రోజు నుంచీ అలాగే ఉన్నారు.

నాకు జ్వరమని చెప్పు. రాలేనని చెప్పు… పోనీ అద్దం విరిగి చేతికి గుచ్చుకుందని చెప్పు… మీ అక్కకి చెప్తావా? చెప్పు. మీ అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ నవ్వడానికి కారణం వెతుక్కుంటోంది, ఆ పుణ్యం నీకే దక్కుతుంది.

…ఏంటి ఆ చప్పుడు? ఎవరక్కడ?… ఆవిడేనా? గదిలోకొచ్చిందా?… విన్నదా?… లేదా. సరే.

…

ఇవ్వు… ఫోన్ ఆవిడకివ్వు… ఇవ్వమంటున్నాను కదరా, ధైర్యం ఉండగానే ఇవ్వు.

…

నమస్కారమండీ… అవును, నేనే. తేలు… కాదండీ, లిస్టు గురించి కాదు. అంటే, దాని గురించే. "తడి గోడలు" అంటే నాకు ప్రాణమని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. అది నేను వినలేదండీ.

వినలేదు… లేదు, వేళాకోళం కాదు. నేను విన్నది మా బావమరిది తప్పు స్పీడులో ఎక్కించిన టేపు. పాటకి అర నిమిషం ఎక్కువ. మీ గొంతు కూడా మీది కాదు… నవ్వుతున్నారా?… నవ్వండి, నవ్వండి. నేనైతే ఇంకోడి గురించి ఇది విని వారం రోజులు నవ్వేవాణ్ణి.

ఆ… అందుకే రెండోది వచ్చినప్పుడు మీరు మారిపోయారనుకున్నానండీ. టేపు చేసిన పొరపాటు. టేపు వల్లే నేను—

…

ఏమన్నారు?

రెండోదీ విన్నానండీ… లేదండీ, అది కొట్లో కొన్నది. మంచి టేపే. సరిగ్గానే విన్నాను.

…ఎలా ఉందనా?

…



బాగుంది.

…ఇప్పుడు కాదు. అప్పుడే. రాయడానికి ముందే తెలుసు. రెండో పాటకి నా కాలు ఆడింది, ఈ స్టూలు మీదే కూర్చుని వింటున్నాను. మా ఆవిడ చూసి, "ఏంటి, తేలుకి డాన్స్ కూడా వచ్చా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ పోయినప్పుడు మీ పాట పట్టుకుని ఏడ్చానండీ. మీరు నన్నక్కడ వదిలేసి ఎక్కడికో షికారు పోయినట్టు అనిపించింది. కాలు ఆపి, పెన్ను తీశాను.

టేపుదేం తప్పు లేదండీ. నేను కావాలనే రాశాను.

…



ఆరింటికా?… మైకు ముందా, ఈ మాటే?… కాలు ఆడిన సంగతి కూడానా?… అది… మీకు ఇప్పుడు చెప్పేశాను కదండీ…

ఆ. ఇప్పుడు మీ ఒక్కరికే చెప్పాను. అప్పుడు ఊరందరికీ రాశాను. మీరన్నది నిజమే.

అది చెప్తే ఇంక తేలు ఉండడండీ… తెలుసు. నేను రాశాక మీరు కూడా ఉండలేదు.

…వస్తాను. కొట్టు మూసేసి బయల్దేరుతున్నాను… లిస్టా? అదెందుకండీ ఇంక, మీ డ్రైవింగ్ స్కూలు పిల్లలతో రాయించినా దానికంటే బాగుంటుంది.

ఒక్క మాటండీ. అక్కడ మైకు ముందు నాకు నోరు పెగలకపోతే… నవ్వండి, పర్లేదు, నాకు చేతకాదనండి. లేచి మాత్రం వెళ్ళిపోకండి.

…ఆ. ఉంటానండీ.