పిట్ట మీద పడే ఎండ

సభాధ్యక్షులు శ్యామసుందర్ గారికీ, ఉక్కు కర్మాగారంలో మా షాపు పెద్దలకీ, డ్యూటీ దిగి స్నానమైనా చేయకుండా నేరుగా వచ్చేసిన నా షిఫ్టు తమ్ముళ్ళకీ, ముందు వరుసలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మా ఆవిడ సత్యవాణికీ నమస్కారాలు. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్ళు ఫర్నేసు ముందు నిలబడినవాడికి మైకు ఒక లెక్కా అనుకున్నాను గానీ, దీనికంటే ఫర్నేసే నయం. రిటైరవుతున్నానని శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు, 'లక్ష్మీప్రసాద్ మనిషిని చూడగానే అంచనా కట్టేస్తాడు' అని అధ్యక్షులవారు పొగిడారు. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. నా అంచనాల సంగతి నాకు తెలుసు.

నిరుడు మాఘంలో మనమంతా విశాఖ బండెక్కి భీమిలి వెళ్ళాం, గుర్తుందా? కొత్త కెమెరా మెడలో వేసుకుని, అలల అంచున పరుగులు తీసే ఉల్లంకి పిట్టల్ని రెండొందల ఫోటోలు తీశాను. చూసుకుంటే అన్నీ బొగ్గు ముక్కలే. "ఏటండీ, ఇంతదూరం వచ్చి కాకుల్ని తీసారేటి?" అంది సత్యవాణి. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, అక్కడా ఇలాగే నవ్వారు.

అప్పుడు నా షిఫ్టులోనే పనిచేసే మన శ్రీవిద్య కెమెరా అందుకుంది. "సార్, ఆటోలో పెట్టేసారు కదా. ఎనకాల నురగ అంత తెల్లగా ఉంటే కెమెరా ఘబరా అయిపోయి మొత్తం చీకటి చేసేస్తాది. పాపం, పిట్ట బిచారీ ఏటి చేస్తాది?" అంటూ మాన్యువల్‌కి తిప్పింది. పిట్ట మీద పడే ఎండకి సరిపడా వెలుతురు పెట్టి, ఒక ఫోటో తీసి, దాని తెల్లటి పొట్ట మీద ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో సరిచూసింది. "ఇంక ముట్టకండి సార్. అది నురగలోకెళ్ళినా, తడి ఇసక మీదికొచ్చినా దాని మీద ఎండ అదే కదా. మబ్బొస్తే మాత్రం మళ్ళీ చూసుకోవాలి." తరవాతి ఫోటోలో పిట్ట కంటి మీది సన్నగీత కూడా కనిపించింది.

నేను ఇసకలో కూలబడిపోయాను. మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. అబద్ధం.

ఆరేళ్ళు ఈ అమ్మాయి వార్షిక రిపోర్టులో నేను రాసింది ఒకటే మాట, 'సాధారణం'. పక్కన మన నరేంద్ర ఉండేవాడు. మీటింగులో అతను నోరు విప్పితే పెద్దసార్లు కూడా పెన్ను పక్కన పెట్టి వినేవారు. నరేంద్రా, నీ తప్పేం లేదు నాయనా, మెరవడం నేరం కాదు. ఆ మెరుపు చూసిన కళ్ళతోనే నేను ఈమెని చూశాను. ఫర్నేసులోకి చూసే నీలం అద్దంలోంచి ఉక్కు రంగు చూసి మీటరుకంటే ముందే వేడి చెప్పగలిగిన పిల్ల నాకు మసగ్గా కనిపించింది. ఆమెకి ప్రమోషన్ రెండుసార్లు తప్పింది. దానికి కారణం నేను.

శ్రీవిద్యా, ఈ మాట భీమిలిలోనే చెప్పాల్సింది. తప్పు నాది, క్షమించమ్మా. ఈ ఏడాది రిపోర్టు నిన్ను మాత్రమే చూసి రాశాను. సోమవారం నుంచి షిఫ్టు నీది. పోయిన ఆరేళ్ళు నేను తిరిగి ఇవ్వలేను, నా నీలం అద్దం ఇవ్వగలను. రా తల్లీ, తీసుకో.

(చప్పట్లు)

"ఏడవకండి సార్, ఫోటో పాడైపోద్ది" అంటోంది. అయితే ఆ ఫోటో నువ్వే తియ్యి. ఈ స్టేజీ మీద లైట్లు ఎక్కువ, మేం ఎలాగూ మెరుస్తాం. తలుపు దగ్గరే నిలబడిపోయిన క్యాంటీన్ గున్నమ్మనీ, కాంట్రాక్టు తమ్ముళ్ళనీ చూసి వెలుతురు పెట్టు. మేం వెలిసిపోయినా ఫర్వాలేదు.

ఇన్నాళ్ళు నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. సెలవు.