మేస్త్రీగారి సుద్దముక్క

టీకొట్టు బెంచీ మీద కుట్టుమిషన్ల మేస్త్రీ కూర్చున్నాడంటే, ఎదుటివాళ్ళ గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. పక్కనే ఆయన రిపేరు షాపు. బాగుచేసిన ప్రతి మిషన్ మీదా సుద్దముక్కతో 'ఓకే' అని రాస్తాడు. ఆ రాతను నమ్మి దర్జీ అమ్మాయి పొద్దున తన చేతిమిషన్ ఇంటికి మోసుకెళ్ళింది. మళ్ళీ అంతలోనే మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. సాయంత్రం బడి వదిలేలోపు యూనిఫారాలు ఇవ్వకపోతే, వచ్చే ఏడాది ఆ పని ఇంకొకరికి పోతుంది.

"బాబాయ్, చక్రం తిరుగుతోంది, సూది కదలట్లేదు."

"చూద్దాం కూర్చోమ్మా," అన్నాడాయన, మిషన్ వంక చూడకుండానే. "ఓకే అంటే ఏమనుకున్నావు? ఊరికే సరే అనా? బాగుందన్నా ఓకేనే, ఒప్పుకున్నానన్నా ఓకేనే, ఇక దయచెయ్యి అన్నా ఓకేనే. అంత చాకిరీ చేసే మాట లోకంలో ఇంకోటి లేదు. అది పుట్టిందెక్కడో తెలుసా? మా షాపులో!"

"ఇంగ్లీషు మాట కదయ్యా!" అన్నాడు టీకొట్టాయన.

"తర్వాత్తర్వాత వాళ్ళు తీసుకున్నారు. మా తాత ఓ ఓడ కెప్టెన్‌కి తెరచాపలు కుట్టే మిషన్ బాగుచేసి, దాని మీద సున్నా చుట్టాడు, తప్పులు సున్నా అని. పక్కన నిలువుగా ఓ కర్ర గీసి దానికి చెయ్యీ కాలూ తగిలించాడు, ఇక చేతులూపుకుంటూ నడిచిపో అని. కెప్టెన్ ఆ గుర్తును రేవు రేవుకీ మోసుకుపోయాడు."

దర్జీ అమ్మాయి కొట్టులో గోడ గడియారం వంక చూసింది. ఇంటి దగ్గర కాలర్లన్నీ కత్తిరించి పెట్టి ఉన్నాయి. "బాబాయ్, సూది..."

"వస్తున్నా కదమ్మా. ఆ తర్వాత ఏమైందో విను. నా రోజుల్లో ఓ రైలింజను మొండికేసింది. నేను స్క్రూ ముట్టుకోలేదు, ఓకే అని రాశానంతే, డ్రైవరు ఎక్కేలోపే తర్వాతి స్టేషన్‌లో ఉంది."

"మరి డ్రైవరు గతి?" అన్నాడు బెంచీ చివర టీ తాగుతున్న పోస్ట్‌మన్.

"పాపం అనిపించి ఆయన వీపు మీదా రాశాను. రైలును దాటి పోయాడు! ఇంకోసారి వంతెన వంగితే దాని మీద రాశాను. వంతెన నిలబడ్డం ఏం గొప్ప? వానకి ఆ సుద్ద కరిగి ఏట్లో పడితే, ముసలి మొసలికి పళ్ళు మొలిచాయి! అంతెందుకు, చంద్రుడి మీద మచ్చ ఉందే, అదేమిటనుకున్నారు? నా చేతిరాతే! దూరం కదా, మీకు అక్షరాలు ఆనవు. ఇదిగో, ఇలా ఉంటుంది..."

గీసి చూపిద్దామని ఆయన జేబులోంచి సుద్దముక్క లాగాడు. దానితోపాటు ఏదో టింగుమని బెంచీ మీద పడింది. దర్జీ అమ్మాయి తీసి చూసింది. సూది కడ్డీని పట్టి ఉంచే స్క్రూ.

"ఇప్పుడు తెలిసింది బాబాయ్," అంది నెమ్మదిగా. "చంద్రుడి మీద నువ్వే రాసుంటావు. అందుకే ఆయన కూడా నా మిషన్‌లాగే, బాగుపడ్డాడనుకునేలోపే మళ్ళీ అరిగిపోతున్నాడు."

పోస్ట్‌మన్‌కి టీ ముక్కులోంచి వచ్చింది.

మేస్త్రీ స్క్రూ తీసుకుని బిగించాడు. ఆమె గుడ్డపీలిక పెట్టి చక్రం తిప్పింది. సూది దిగింది, లేచింది, కుట్టు వరసగా పడింది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి సుద్దముక్క మీదికి పోయింది. ఆమె అది అందుకుని తన సంచిలో వేసుకుంది.

"యూనిఫారాలు ఇచ్చొచ్చాక నేనే రాస్తాలే."

"ఓకే," అన్నాడు మేస్త్రీ.

ఆయన చెప్పిన అర్థాల్లో అది ఏదో ఎవరూ అడగలేదు. మిషన్ ఎత్తుకుని ఆమె అప్పటికే వీధి దాటుతోంది.